మూల ఎత్తే చేయి: ఒక తాపీ ఆత్మకథ

నేను తాపీని. భద్రాచలంలో ఒక కమ్మరి కొలిమిలో పుట్టాను. ఇనుప రేకు, దానికో మెడ, చెక్క పిడి. నా ఒళ్ళంతా ఇంతే.

నన్ను కొన్నవాడిది ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని తర్రెం. ఇప్పటి బీజాపూర్ జిల్లా. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఆ చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ అవుతుంటే, అతని కుటుంబం కూడా అడవి దారిన చర్ల వైపు వచ్చేసింది. ఇంట్లో దోర్ల మాట, సంతలో తెలుగు. తోటివాళ్ళు మిరపకోతలకు పోతుంటే అతను ఇళ్ళ పనిలో చేరాడు. ముందు తట్టలు మోశాడు, మాలు కలిపాడు, ఇటుకలు అందించాడు. కొన్నేళ్ళకు ఒక పెద్ద మేస్త్రి తూకం గుండు చేతికిచ్చి "మూల ఎత్తరా" అన్నాడు. మూల నిట్టనిలువుగా లేస్తే, దారం కట్టి మిగతా గోడ ఎవరైనా కడతారు. మూల ఎత్తగలిగినవాడే మేస్త్రి. ఆ వారమే సంతకు వచ్చి నన్ను కొన్నాడు.

అప్పటినుంచి నేను అతని చేతికి తగ్గట్టే అరిగాను. నా అంచు ఒకవైపే పలచబడింది. మాలు ఎంత జారుగా ఉందో, ఇటుక ఎంత నీరు తాగిందో అతను నన్ను తగిలించగానే చెబుతాడు. ఇది ఏ బడిలోనూ రాలేదు, ఎండలో పరంజా మీద వచ్చింది.

2015 అక్టోబరులో అమరావతికి శంకుస్థాపన జరిగాక బెజవాడ చుట్టూ కట్టుబడి పుంజుకుంది. మేమూ అక్కడికే చేరాం. 2019లో ప్రభుత్వం మారింది, రాజధాని పనులు ఆగిపోయాయి. అదే ఏడాది పాత ఇసుక విధానం పోయి సెప్టెంబరులో కొత్తది వచ్చింది. ఈలోగా కృష్ణా గోదావరులకు వరుసగా వరదలు, ఇసుక రీచ్‌లన్నీ నీళ్ళలో మునిగాయి. ఇసుక లేనిదే మాలు లేదు, మాలు లేనిదే నాకు పని లేదు. నవంబరులో విశాఖలోనూ విజయవాడలోనూ ఇసుక కోసం పెద్ద నిరసనలు జరిగాయి.

తెల్లవారకముందే కూలీల అడ్డా మీద నిలబడేవాళ్ళం. బండి ఆపినవాళ్ళు నా అరుగుదల చూడలేదు. "హెల్పర్ కూలికి వస్తావా?" అని అడిగారు. ఇంట్లో పొయ్యి వెలగాలి కనుక వెళ్ళాడు. ఒక కాంట్రాక్టరు పాత బాకీ కూడా ఎగ్గొట్టాడు. కాగితం లేదు, సాక్ష్యం లేదు, ఎవరిని అడగాలి?

చివరికి ఆదుకున్నది అతని పనే. తను కట్టిన ఇళ్ళకు మళ్ళీ వెళ్ళాడు. కారే స్లాబులు, పగిలిన గిలాబు, కుంగిన బాత్రూం గచ్చు. వీటికి లారీ ఇసుక అక్కర్లేదు, రెండు బస్తాలు చాలు. కొత్త కట్టడం ఆగినా మరమ్మతు ఆగదు. గోడ నిటారుగా నిలిచిన ఇంటివాళ్ళు అతన్ని మరచిపోలేదు, పక్కింటికి కూడా చెప్పారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ ఆ దారీ మూసింది. మిరప కూలీలతో కలిసి అడవిలో నడిచి తర్రెం చేరాం. మరుసటి ఏడాది ఏప్రిల్ 3న దగ్గరలోనే మావోయిస్టులతో జరిగిన ఎదురుకాల్పుల్లో 22 మంది జవాన్లు చనిపోయారు. అలాంటి రోజుల్లో ఇల్లు కట్టుకోవాలని ఎవరికి అనిపిస్తుంది? ఆ తర్వాత బాసగూడ నుంచి జగర్‌గుండకు రోడ్డు పడ్డాక సిమెంటు రావడం సులువైంది. ఇలాంటి జిల్లాల్లో ప్రధానమంత్రి ఆవాస్ ఇంటికి లక్షా 30 వేలు ఇస్తారు. ఆ డబ్బుతో ఇల్లు నిలవాలంటే మూల ఎత్తే చేయి కావాలి. మట్టిగోడల ఊళ్ళో అలాంటి చేతులు అరుదు. ఇప్పుడు అతని వెనుక ఇద్దరు కుర్రాళ్ళు తిరుగుతున్నారు, నన్ను పట్టుకోవడం నేర్చుకుంటున్నారు.

అతని చేతిలో ఇన్నేళ్ళు ఉన్నాను కనుక ఒక మాట చెప్పే హక్కు నాకుంది. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లోనే వచ్చింది. కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమ నిధికి చేరుతుంది. 18 నుంచి 60 ఏళ్ళ లోపువాళ్ళు, గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపితే పేరు నమోదు చేసుకోవచ్చు. లాక్‌డౌన్ రోజుల్లో ఆ నిధి నుంచే కార్మికులకు డబ్బు ఇవ్వమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. మా మేస్త్రి పేరు ఏ రాష్ట్రం పుస్తకంలోనూ లేదు, అందుకే అతనికి ఏమీ అందలేదు. నదులు దాటి పని వెతుక్కునే మనిషికి ఒక రాష్ట్రం ఇచ్చిన కార్డు మరో రాష్ట్రంలోనూ చెల్లేలా ప్రభుత్వాలు చూడాలి. మేస్త్రులారా, చేతిలో పని ఉన్నప్పుడే కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్ళి పేరు రాయించుకోండి. పని పోయాక ఆ 90 రోజులు చూపించడం కష్టం.