రెంటచింతల వీరుల స్ప్లాష్ ప్యాడ్ యాత్ర

జులై వచ్చిందంటే డల్లాస్ పక్క ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో మనవాళ్ళ శనివారం ఒకటే వరస. పదకొండింటికి టిఫిను, పన్నెండింటికి పిల్లలతో స్ప్లాష్ ప్యాడ్, అదే, ఫౌంటెన్లలో తడిసి ఆడుకునే చోటు. బయట 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 38.

"ఇదీ ఒక ఎండేనా! రెంటచింతల ఎండ చూసినవాళ్ళం" అంటూ చప్పరించేస్తారు, ఆర్నెల్లుండి పోదామని వచ్చిన మావయ్యగారు. చూసిన మాట నిజమే, కిటికీలోంచి! రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం ఆయన తలుపులేసుకుని పడుకునేవారు. తప్పనిసరై బయటికెళ్తే నెత్తిన తడి తువ్వాలు, కడుపులో మజ్జిగ. ఆవకాయ కస్టమ్స్ దాటింది గానీ, ఆ తెలివి దాటలేదు.

స్ప్లాష్ ప్యాడ్ దగ్గర దింపే సామాను చూడాలి. పులిహోర, మడత కుర్చీలు, సెల్‌ఫోనుకు స్టాండు. మంచినీళ్ళేవీ అంటే, "నీళ్ళలోనే ఆడుతున్నారుగా!" అని జవాబు. ఒంటిమీద పడ్డ నీళ్ళతో దాహం తీరుతుందన్న శాస్త్రం మనదే. పిల్లాడు దాన్ని నమ్మేసి ఫౌంటెన్‌కే నోరు పెడతాడు. చాలాచోట్ల ఆ నీళ్ళు ఊరందరి కాళ్ళూ కడిగి, మళ్ళీ పైపులోకొచ్చినవే.

ఇక సన్‌స్క్రీన్. మనది చామనఛాయ కాబట్టి సూర్యుడు మొహమాటపడతాడని నాన్నగారి నమ్మకం. పొద్దున ముక్కుమీద పెట్టిన చుక్క సాయంత్రం దాకా కాస్తుందని అమ్మగారి భరోసా. నీళ్ళకు ఆగే రకమైనా ఆగేది 40 నిమిషాలో, 80 నిమిషాలో. ఆ అంకె ట్యూబు మీదే ఉంటుంది. కూపన్ల మీద చీమతలకాయంత అక్షరాలు చదివే కళ్ళకు ఇదొక్కటీ ఆనదు. ఆర్నెల్లు నిండని బిడ్డకు క్రీము కాదు, నీడ కావాలి. అయితే నీడలో రీలు బాగా రాదట!

అదిగో, తడి దాటి కాంక్రీటు మీదికొచ్చిన బుజ్జిగాడు గెంతుతున్నాడు. "ఎంత బాగా డాన్సు చేస్తున్నాడో!" అని వీడియో. అది డాన్సు కాదు తల్లీ, కాళ్ళు కాలుతున్నాయి. చెప్పులు వేయించు!

ఉదయం పదిలోపే వెళ్ళొచ్చేయండి. నాలుగు దాటితే అతినీలలోహిత కిరణాల పదును తగ్గుతుందేమో గానీ, డల్లాస్ వేడి తగ్గదు. పిల్లలు మగతగా ఉన్నా, మాట తడబడినా వీడియో ఆపి 911 కొట్టండి. వాళ్ళొచ్చేలోగా నీడకు చేర్చి, చన్నీళ్ళతో ఒళ్ళంతా తడుపుతూ ఉండండి. నీళ్ళకు అక్కడ కరువేం లేదు.