మరక లేని చక్రం

ముందు చక్రాలతో నడిచే కార్లలో చక్రం వెనక నల్లటి రబ్బరు బూటు ఒకటి ఉంటుంది. మడతలు మడతలుగా, వేలితో నొక్కితే లొంగేంత మెత్తగా ఉంటుంది. దాని లోపల ఆరు ఉక్కు గోళీలు గ్రీజులో మునిగి తిరుగుతుంటాయి. చక్రం ఎంత మళ్లినా ఇంజను బలం తడబడకుండా అందేది వాటి చలవ వల్లే. 1920లలో ఫోర్డ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ జెప్పా కనిపెట్టిన జాయింట్ అది. అంబాసిడర్, పద్మిని రోజుల్లో బండిని వెనక చక్రాలు తోసేవి కాబట్టి మనకి దీనితో పెద్దగా పని పడలేదు. 1983 చివర్లో మారుతి 800 వచ్చాక ఊరూరా ఈ బూట్లు తిరగడం మొదలైంది.

బూటు చిరిగితే లోపలి గ్రీజు బయటికి చిమ్ముతుంది, బయటి దుమ్మూ నీళ్లూ లోపలికి చేరతాయి. కొత్తలోనే కనిపెడితే బూటూ గ్రీజూ మార్చి ఊరుకోవచ్చు, వందల్లో అయిపోతుంది. కనిపెట్టకపోతే గోళీలూ అవి దొర్లే గాళ్లూ అరిగిపోయి, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడల్లా టకటకమంటుంది. ఆ చప్పుడు మొదలయ్యాక జాయింటో, అది ఉన్న యాక్సిలో మార్చాల్సిందే. ఖర్చు వేలల్లోకి వెళ్తుంది.

హైదరాబాదులో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఆ టకటక ఎస్‌ఈ గారి కారుది. నీటిపారుదల శాఖలో సూపరింటెండింగ్ ఇంజినీరుగా రిటైరైన మనిషి. షెడ్డుకి తోలమని అందరూ అన్నారు. ఆయన వినలేదు. రాణిగంజ్ వెళ్లి ఎడమవైపు యాక్సిల్, కొత్త నట్టు, కొత్త సర్క్లిప్పు, గేర్ ఆయిల్ తెచ్చుకున్నారు. ఆదివారం పొద్దున టార్చి పట్టడానికి నన్ను పిలిచారు. పిలిచినందుకు ఇప్పటికీ సంతోషమే. పని తెలిసినవాళ్ల చేతుల్ని దగ్గర నుంచి చూడడం కంటే మంచి చదువు నాకు మరొకటి కనిపించలేదు.

బండి నేల మీద ఉండగానే యాక్సిల్ నట్టు జోలికి వెళ్లారు. గాల్లోకి లేపాక ఆ నట్టు విప్పబోతే చక్రం తిరిగిపోతుంది, పైగా ఊపుకి బండి జాకీ మీంచి జారొచ్చు. నట్టు అంచుని యాక్సిల్ గాడిలోకి నొక్కి ఉంచుతారు, ఊడి రాకుండా. ఆ నొక్కుని చిన్న ఉలితో ఓపిగ్గా పైకి లేపి, 30 ఎంఎం సాకెట్ పెట్టి, రాడ్డుకి ఇనప గొట్టం తొడిగి బరువంతా వేశారు. కిర్రుమని కదిలింది. అప్పుడు జాకీ ఎత్తి, దాన్ని నమ్ముకోకుండా కింద స్టాండ్లు పెట్టి, చక్రం ఊడదీశారు. కింది బాల్ జాయింటు విడదీస్తే హబ్బు పక్కకి జరిగింది. యాక్సిల్ బయటి కొస హబ్బులోంచి బయటపడింది. గేర్ బాక్సు వైపు కొసని రాడ్డుతో ఒక్క అదుపైన దెబ్బతో పెగిల్చారు. ఆయిల్ సీల్ అంచుకి గీత పడకూడదని అక్కడ మాత్రం ఊపిరి బిగబట్టారు. కారే నూనె కింద డబ్బా ముందే సిద్ధం.

ఊడిన యాక్సిల్ని న్యూస్ పేపర్ మీద పెట్టి బూటు చీల్చి చూపించారు. గ్రీజు లేదు. తడిసి ఎండిన దుమ్ము, ఇనప రజను కలిసిన ముద్ద. చిరుగు అంచులు గట్టిపడి ఉన్నాయి.

“ఇది ఈ మధ్య చిరిగింది కాదండీ. నెలలై ఉంటుంది” అన్నారు. “నాకు అంతుపట్టనిది ఒకటే. ఇంత గ్రీజు ఎటు పోయింది? తిరిగే చక్రం దాన్ని రిమ్ము లోపలంతా చిమ్మాలి. బూటు చిరిగిందని బండి మనకి చెప్పే మొదటి మాట అదే. నేను రోజూ బండి చుట్టూ తిరిగి చూసేవాణ్ణి. చక్రం అద్దంలా ఉండేది.”

పక్కన పడుకోబెట్టిన చక్రం మీద టార్చి వేశాను. నిజమే, లోపలి అంచు దాకా తళతళలాడుతోంది. బండి కింద, చక్రాన్ని పట్టి ఉంచే ఇనప చెయ్యి మీద మాత్రం నల్లటి జిడ్డు గడ్డకట్టి ఉంది.

కొత్త యాక్సిల్ గేర్ బాక్సులోకి దూర్చి, సర్క్లిప్పు టక్కున పడ్డాక వెనక్కి లాగి చూశారు. రాలేదు. మిగతాది చకచకా జరిగిపోయింది. చివరికి చక్రాలు నేలకి ఆనాక, నట్టుని మాన్యువల్ లెక్క ప్రకారం టార్క్ రెంచితో బిగించి అంచు మళ్లీ గాడిలోకి కొట్టారు. గేర్ ఆయిల్ పోశారు. స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పుతూ సెల్లారంతా ఒక చుట్టు తిరిగి వచ్చారు. చప్పుడు లేదు. డెబ్బై దాటిన ఆ ముఖంలో వెలుగు చూడాలి!

అప్పటికి కార్లు కడిగే కుర్రాడు బకెట్టుతో వచ్చాడు. పాలమూరు వైపు నుంచి వచ్చిన పిల్లాడు, పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. పేపర్ మీద చీలిన బూటుని కాలి మునివేళ్ల మీద కూర్చుని చూశాడు. వాడి ముఖం విప్పారింది.

“దీంట్లకెల్లేనా సార్ కారేది? కొత్తది ఏసిన్రా? అయితే రేపటిసంది డీజిల్ కొనుడు లేదు నాకు.”

“డీజిలా? ఎందుకురా?”

“గా నల్ల జిడ్డు నీళ్లకు పోదు గద సార్. బండి కిందికెల్లి ఏందో కారుతుందని మీకు ముందుగాలనే జెప్పిన. కడుగుడు చాతగాక కతలు జెప్తున్నవా అని ఆ నెల జీతంల వంద కోసిన్రు. గప్పటిసంది నా పైసలతోని డీజిల్ తెచ్చి, చక్రం లోపలికి చెయ్యి వెట్టి తుడుస్తున్న.”

ఎస్‌ఈ గారి చేతిలో రెంచి అలాగే ఉండిపోయింది. వాడు అది గమనించలేదు. మెప్పు కోసం ఆయన ముఖంలోకే చూస్తూ అన్నాడు:

“ఒక్క దినం గూడ ఇడ్వలే సార్. మీకు మరక అవుపడనియ్యలే.”