ముడతొస్తేనే ముహూర్తం

అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లు. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్యం ఇక్కడికొచ్చేసరికి డీలా పడుతుంది. ఇలాంటి సీమలో నీళ్లలో జారిపడి చీలమండ విరగ్గొట్టుకోవాలంటే రాసిపెట్టి ఉండాలి. నాకు ఉండింది. వీధిలోకి ట్యాంకరొచ్చింది, రెండు బిందెల నీళ్లు నేలపాలయ్యాయి, వాటి వెనకే నేనూ.

ఎక్స్‌రే చూసి ప్లేటు, స్క్రూలు వెయ్యాలన్నాడు డాక్టరు.

"ఎప్పుడు సార్?"

"ముడతలు రానీ."

"మొహం మీదుండేవి చాలవా సార్?"

"కాలి మీద కావాల."

వాచి బిగుసుకున్న చర్మాన్ని కోస్తే మళ్లీ దగ్గరికి లాగి కుట్టడం కష్టం. కుట్టినా గాయం మానక చీము పట్టొచ్చు. అందుకే వాపు దిగి, చర్మం మీద సన్నటి ముడతలు కనబడేదాకా చీలమండ జోలికి రారు. ఒక్కోసారి దానికి వారం, రెండు వారాలు పడుతుంది.

విరిగిన ఎముక కదలకుండా దన్ను పెట్టి, కాలివేళ్ల మొదలు నుంచి పైకి క్రేప్ బ్యాండేజీ చుట్టారు. కింద బిగువు, పైకి పోయేకొద్దీ వదులు. కాలు దిండ్ల మీద, గుండె కంటే ఎత్తులో. ఆ ఒత్తిడికి, ఆ ఎత్తుకి కణజాలంలో చేరిన నీరు సిరల్లోకి, లింఫ్ నాళాల్లోకి మళ్లుతుందట. హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకంలో శ్రీశైలం నీళ్లను పంపులు పెట్టి సీమకు ఎక్కిస్తారు. నా కాలి నీళ్లను ఎక్కించడానికి నాకు దక్కింది ఒక గుడ్డపట్టీ.

ఇక పరామర్శలు. పక్కింటి అవ్వ కట్టును వేలితో నొక్కి చూసింది. "ఇంత బిగిచ్చి కట్టినారే నాయనా, రగతం ఆడద్దా? ఇప్పేసి చింతపండు, ఉప్పు పట్టెయ్యి" అంది. మామ "పుత్తూరు కట్టుకు పోదాం పాప్పా, గుడ్డుసొన, ఆకుపసరు, వెదురుబద్దలు. కత్తితో పనే లేదు" అన్నాడు. ఇంకొకాయన తలుపు దగ్గరే నిలబడి, బోదకాలేమోనని గొంతు తగ్గించాడు.

"దాన్ని తెచ్చే దోమకైనా నీళ్లు నిలవాల గదన్నా" అన్నాను.

వేరుశనగ విత్తడానికి ఊరంతా మబ్బుల వైపు చూస్తుంటే, మా ఇంట్లో అందరి చూపూ నా కాలి మీదే. కట్టు మార్చిన ప్రతిసారీ నా భార్య టార్చి వేసి వెతికేది. చివరికి మడమ పక్కన వెంట్రుకంత గీతలు కొన్ని లేచాయి. డాక్టరు చూసి "రేపు చేద్దాం" అన్నాడు. మొహం మీద ముడతలకు ఇంత మర్యాద ఎన్నడూ దక్కలేదు.

నిజానికి అవ్వ ప్రశ్న సరైందే, వైద్యమే తప్పు. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగిపోతున్నా అది ఓర్చుకునే బాధ కాదు, తక్షణం ఆసుపత్రికి పోవాలి. కాళ్లకు రక్తం సరిగా ఆడనివాళ్లకు, ముఖ్యంగా షుగరు ముదిరినవాళ్లకు, డాక్టరు నాడి చూడకుండా ఇలాంటి కట్టు కట్టనే కూడదు. పరామర్శకు వచ్చేవాళ్లు పళ్లు తెస్తే చాలు, కట్టు ముట్టుకోకండి.