కొత్తింటికి పాత తలుపు

బోర్డు మీద ‘ఆర్కిటెక్టు’ అని రాసుకోవాలంటే నాటా లాంటి ప్రవేశ పరీక్ష గట్టెక్కి, ఐదేళ్లు చదివి, ఆర్కిటెక్చర్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకోవాలి. ఆ నమోదు లేనిదే పేరు వాడకూడదంటుంది 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం. అయితే ఆ చట్టం కాపాడేది పేరునే తప్ప పనిని కాదనీ, ఆ పేరు తగిలించుకోనంత వరకు ఇళ్ల నమూనాలు ఇతరులూ గీయవచ్చనీ 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. మునిసిపల్ ఆఫీసు ఎదుట జిరాక్సు షాపులో కూర్చుని ‘ప్లానూ నాదే, పర్మిషనూ నాదే’ అనే పెద్దమనిషికి ఈ తీర్పుతో కొత్తగా ఒరిగిందేమీ లేదు. ఆయన ముందు క్యూ ఎప్పటినుంచో ఉంది. ఆర్కిటెక్టు కష్టాల్లో సగం ఆ పెద్దమనిషి తీసుకునే ఫీజు దగ్గరే పుడతాయి.

హైదరాబాదులో ఈ వర్గాన్ని గుర్తుపట్టడం తేలిక. నల్ల చొక్కా, గుండ్రటి కళ్లజోడు, జేబులో మూడు రకాల పెన్నులు. ఆఫీసులో ఒక గోడకు కావాలనే ప్లాస్టరింగు ఉండదు. మాట్లాడితే ‘స్పేస్’, ‘లైటు’ అంటాడు. బాత్రూములో గీజరు ఎక్కడ పెట్టాలని అడిగితే మాత్రం దాన్ని అసిస్టెంటు చూసుకుంటాడు. ఆయన సొంత కాపురం బిల్డరు కట్టిన అపార్ట్‌మెంటులో, మూడో అంతస్తులో, అద్దెకు. అక్కడి ఫాల్స్ సీలింగు గురించి అడగకపోవడం మర్యాద.

కొత్త ఇంటి పని సాధారణంగా 200 గజాల స్థలంతో మొదలవుతుంది. అంటే 1,800 చదరపు అడుగులు. రోడ్డు వైపూ పక్కలా వెనకా వదలాల్సింది వదిలాక మిగిలిన ముక్కలో నాలుగు పడకగదులు, పూజగది, హోమ్ థియేటరు, లిఫ్టు, కింద రెండు కార్లు, పైన అద్దెకిచ్చే పోర్షను రావాలి. ఇరుకుగా మాత్రం ఉండకూడదు. యజమాని ఇదంతా చెప్పి, ఫోనులో ఏదో విల్లా ఫొటో చూపించి, “ఎలివేషన్ ఇట్లా ఉంటే చాలు సార్, మిగతాదంతా మీ ఇష్టం” అంటాడు.

ఆ మిగతాదాంట్లో సిద్ధాంతిగారు వస్తారు. వంటిల్లు ఆగ్నేయం, యజమాని పడకగది నైరుతి, సంపు ఈశాన్యం, ఈశాన్యంలో మెట్లు కూడదు. కొత్తగా పట్టా పుచ్చుకున్న కుర్రాడు ఇక్కడ సూర్యుడి నడక, గాలివాటం అంటూ వాదనకు దిగి ఆ ఇల్లు పోగొట్టుకుంటాడు. ముదిరినవాడు వాదించడు. ఇంటి నడుమ చిన్న వాకిలి, దానిమీద ఆకాశం కావాలన్నది అతని చిరకాల కోరిక. “వెలుతురు కోసం” అంటే స్థలం దండగని యజమాని కొట్టేస్తాడు. అందుకని సిద్ధాంతిగారి వైపు తిరిగి, “బ్రహ్మస్థానం బరువు లేకుండా వదిలేస్తే బాగుంటుందేమో” అని నసుగుతాడు. సిద్ధాంతిగారు ముచ్చటపడతారు, యజమాని తలూపుతాడు, మండువా లోగిలి మంజూరవుతుంది. తొలి వానాకాలం వెళ్లేసరికి దానిమీద పాలికార్బనేట్ షీటు వేయించేస్తారనుకోండి, అది వేరే సంగతి.

తరువాతి గండం డల్లాస్‌లో ఉన్న బావమరిది. వీడియో కాల్లోనే ఓపెన్ కిచెన్ ఖాయం చేస్తాడు. ఇంగువ పోపు పెడితే సోఫాకు ఎన్నాళ్లు వాసనొస్తుందో యజమాని తల్లిగారు ఒక్క ముక్కలో చెప్పాక దానికి గాజు తలుపు వస్తుంది.

ఆర్కిటెక్టు లారీ బేకర్ పేరు ఎత్తకుండా ఈ వర్గంలో ఎవరికీ పూట గడవదు. ఇటుకను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్‌ట్రాప్ గోడను కేరళలో బాగా వాడుకలోకి తెచ్చింది ఆయనే. ఇటుకలు దాదాపు పాతిక శాతం ఆదా, ఎండ వేడి లోపలికి తగ్గుతుంది, పూత అక్కర్లేదు. ఆర్కిటెక్టు చెప్పే వాటిలో ఇది అక్షరాలా నిజం. యజమాని అడ్డం పడేది ఇక్కడే: “ప్లాస్టరింగుకు డబ్బులు చాలలేదా అని చుట్టాలు అడిగితే ఏం చెప్పాలి సార్?” దీనికి ఏ కాలేజీలోనూ జవాబు నేర్పరు. పెన్సిలుతో గీసిన కిటికీ సైటులో తొమ్మిదంగుళాలు పక్కకు జరిగినప్పుడు మేస్త్రీ ఇచ్చే సమాధానానికీ ఇదే గతి: “ఏం గాదు సార్, గిట్ల ఎన్ని కట్టినం.”

ఇంత కొత్త ఇంటికి చివర్లో ఆర్కిటెక్టు పెట్టించేది పాత తలుపు. తమిళనాడులోని కారైక్కుడి పాత సామాన్ల దుకాణాల నుంచి లారీలో దిగుతుంది. ఇత్తడి బొడిపెలు, చెక్కుడు లతలు, బరువైన గడప అన్నీ బాగుంటాయి, ఎత్తు మాత్రం వెనకటి కాలానిది. ఆరడుగుల అల్లుడు మొదటిసారి వచ్చినప్పుడు నెత్తి తడుముకుంటాడు.

పాత భవనం చేతికొస్తే ఇదే మనిషి తిరగబడతాడు. సికింద్రాబాదులో పాత బంగళానో, పాతబస్తీలో దేవిడీయో కొని కాఫీ షాపు చేద్దామని ఒకాయన వస్తాడు. కొత్తింట్లో గోడలు కూల్చి పారేయమన్నవాడు ఇక్కడ మేకు కొట్టనివ్వడు. వేలి కణుపుతో గోడ తట్టి చెవి ఆనిస్తాడు. బోలుగా మోగితే పూత గోడను వదిలేసిందని అర్థం. బ్లేడుతో ఒక మూల గీకితే పైన ఎమల్షను, దానికింద డిస్టెంపరు, ఇంకా కింద నీలిమందు కలిపిన సున్నం బయటపడతాయి. వాటి పక్కన స్కేలు పెట్టి ఫొటో తీస్తాడు. యజమాని వాచీ చూసుకుంటాడు.

అసలు పేచీ సిమెంటు దగ్గర. రెండడుగుల మందం గోడ సున్నంతో కట్టింది. తేమను పీలుస్తుంది, వదులుతుంది. దానిమీద సిమెంటు మెత్తితే తేమ బయటికి పోలేక లోపలే ఉండి ఉప్పు పూస్తుంది, ఏడాదో రెండేళ్లో పెచ్చులు ఊడతాయి. అందుకని డంగు సున్నమే కావాలంటాడు: గానుగలో ఇసుకతో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపినది. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకుని మెల్లగా, నెలల తరబడి రాయవుతుంది. కాఫీ షాపు బ్యాంకు వాయిదాకు అంత ఓపిక ఉండదు. ఈ విషయంలో ఆర్కిటెక్టు నూటికి నూరుపాళ్లు సరైనవాడు. కాబట్టే ఎవరూ వినరు. మొదటి పెచ్చు ఊడి గిరాకీ కప్పులో పడ్డాక ఫోను వస్తుంది.

మిగతా గొడవంతా మరుగుదొడ్లది. పాత బంగళాలో ఆ సౌకర్యం పెరటి చివర ఉండేది. ఇప్పుడు లోపల నాలుగు కావాలి, వంటింటి పొగగొట్టం కావాలి, మంటలొస్తే దిగడానికి ఇంకో మెట్లదారి కావాలి. మద్రాసు టెర్రస్ కప్పును మోసే టేకు వాసాలు గోడలో దిగిన చోట చెదలు తినేసి ఉంటాయి. ‘చరిత్ర తాలూకు మౌనం’ గురించి ఆర్కిటెక్టు పత్రికకిచ్చిన ఇంటర్వ్యూలో ఈ గొట్టాల ప్రస్తావన కనిపించదు, గాని ఆయన నిద్ర చెడగొట్టింది అవే.

యజమాని నీరసపడితే చూపించడానికి ఉదాహరణలు సిద్ధంగా ఉంటాయి. వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ఫలక్‌నుమా ప్యాలెస్, ఏళ్ల తరబడి మరమ్మతుల తరువాత 2010లో తాజ్ హోటలైంది. 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఇప్పటికీ అక్కడే ఉంది. చౌమహల్లాకు అదే ఏడాది యునెస్కో అవార్డు వచ్చింది. కోఠీ రెసిడెన్సీలో ఆడపిల్లల కాలేజీ నడిచింది. “అవి నవాబులవి సార్, మనది లోను” అంటాడు యజమాని. ఎర్రమంజిల్ ప్యాలెస్ కూల్చివేత ప్రయత్నాన్ని 2019లో హైకోర్టు ఆపిన ముచ్చట కూడా చెబుదామనుకుని ఆర్కిటెక్టు మానేస్తాడు. కూల్చడం అనే మాట యజమాని చెవిన వేయడం అంత క్షేమం కాదు.

పని ముగిశాక ఫొటోగ్రాఫరు దిగుతాడు. గుమ్మానికి కట్టిన దిష్టి గుమ్మడికాయ, ప్లాస్టిక్ కుర్చీలు, కిరాణా కొట్టు క్యాలెండరు, నీళ్ల ఫిల్టరు ఒక గంటసేపు పెరట్లోకి వెళ్లి, ఆయన కెమెరా సర్దుకునేలోపే వెనక్కి వస్తాయి. గృహప్రవేశం నాడు ఆర్కిటెక్టును పేరు పెట్టి పిలిచి శాలువా కప్పుతారు, సిద్ధాంతిగారి తరువాత, మేస్త్రీకి ముందు. చివరి వాయిదా ఫీజు మాటెత్తితే యజమాని ఆప్యాయంగా చెయ్యి పట్టుకుంటాడు. “ఆషాఢం పోనివ్వండి సార్.”