ఆకాశశ్రోత

చెవులకు పని చెప్పకయే ఖండాంతరముల పిలుపులు వినుచు, వినినవానిని లోకమునకు నివేదించు మహానుభావులు హైదరాబాదు అపార్టుమెంట్లలో అక్కడక్కడ కానవత్తురు. వీరు హ్యాములు, అనగా సరదాకై రేడియో నడుపువారు. మన కథానాయకుడు వెనుకటికి చుక్కలు, గీతలు వల్లించి మోర్సు పరీక్ష నెగ్గి, వీయూ2తో మొదలగు సంకేతనామము నార్జించిన విద్వాంసుడే. కాని 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే అను అమెరికనులు, కంప్యూటరే సంకేతములను పంపి అందుకొను ఎఫ్‌టీ8 విధానమును ప్రసాదించిన పిమ్మట ఆ విద్య యంతయు అటకెక్కినది. టేలరుగారు 1993లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము పంచుకొన్నవారు. అట్టివారి మేధాశ్రమ యంతయు ఈతని విశ్రాంతికై వినియోగపడుట పూర్వజన్మసుకృతము గాక మరేమి?

పదునైదేసి సెకండ్ల కొకమారు, మన చెవికి గాలిహోరు తప్ప వేరేమియు తోచని చోట, ఈతని కంప్యూటరు సంకేతనామములను ఏరి తెరపై బారులు తీర్చును. తీర్చినవానిని పీఎస్‌కే రిపోర్టరు అను సార్వజనిక పటమునకు ఇంటర్నెట్టుపై పంపును. అట్లే ఈతని అయిదు వాట్ల పిలుపును బ్రెజిలులో ఏ పెట్టె పసికట్టినను ఆ పటముపై నొక గుర్తు మొలచును. పట్టినవాడు నిద్రలో నుండవచ్చును, పట్టుబడినవాడు కాఫీ త్రాగుచుండవచ్చును. పెట్టెలు రెండును పలుకరించుకొన్నవి గదా, మర్యాదకు లోటేమి? తెల్లవారులు గుఱ్ఱుపెట్టి, లేచినతోడనే "రాత్రి నేను జపాన్ విన్నాను" అని ఈతడు ప్రకటించునది ఈ ధైర్యముతోనే.

ఊరినుండి వచ్చిన మామగారు ఒకనాడు ఆ పటమును తిలకించి, "ఏమన్నాడోయ్ ఆ బ్రెజిల్ ఆయన?" అనిరి.

"నా సిగ్నల్ బలం మైనస్ 18 అన్నాడండీ."

"అదేం జవాబయ్యా! వాళ్ళ వైపు వానలు పడ్డాయేమో కనుక్కోకపోయావా?"

స్వేచ్ఛగా వ్రాయదలచినచో ఒక్కమారునకు 13 అక్షరములు మించరాదనియు, వానల సంగతి అందులో ఇముడదనియు అల్లుడు సవినయముగా విన్నవించెను. మామగారు వ్రేళ్ళు మడిచి లెక్కించి, వెనుకటి తంతి కార్యాలయమువారే ఇంతకంటె ఉదారులని పెదవి విరిచిరి.

ఈతని అసలు దుఃఖము వేరు. హ్యాముల పటమున హైదరాబాదు ఎంకే97 అను గడిలోనిది. ఆ గడిలోనే రెండు వీధుల అవతల మరియొక హ్యాము గలడు. అదే బ్రెజిలు పెట్టెకు వాడు మరింత గట్టిగా, మైనస్ 10గా వినబడినాడు! ఆ రాత్రి నిద్రపట్టక, మరునాడు డాబాపై యాంటెన్నా తీగను బట్టలారవేయు దండెములకు పైగా ఎత్తికట్టి, వాట్లు అయిదునుండి యాబదికి పెంచెను.

సాయంకాలమునకు మూడవ అంతస్తువారు తలుపు తట్టిరి. "ఏమండీ, మా స్పీకర్లో పావు నిమిషం గుయ్యిమంటుంది, పావు నిమిషం ఊరుకుంటుంది. మీ పుణ్యమేనా?"

ఆకాశశ్రోత ముఖము వికసించెను.

"అలాగా! ఎంత గట్టిగా వస్తోందండీ?" అని అడుగుచు జేబులోని కలము తీసెను.