మంచి గెల, మంచి మనిషి

'మంచి' అను రెండక్షరముల మాట తెలుగుదేశమున ఎంత బరువు మోయుచున్నదో తెలియగోరువారు, పండితుల జోలికి పోక, జొన్నాడ వైపు నుండి గౌతమీ వంతెన దాటి, రావులపాలెపు అరటి మార్కెట్టులో ఒక ఉదయము రెండు గడియలు నిలిచిన చాలును. లంకల నుండి సైకిళ్లమీదను ఆటోలమీదను వచ్చి దిగిన గెలలు బారులు తీరియుండగా, వర్తకుడు ఒకదానిని తట్టి చూచి, "ఇది మంచి గెలండి" అనును. ఆ మంచి తినువాని మంచి కాదు. కాయ నిండుగా ముదిరియు, తొక్కపై మచ్చ లేకయు, లారీలో ఒడిశా చేరుదాక పండక పచ్చిగానే నిలువగలిగినచో అది మంచి గెల. బంగారు వన్నెకు తిరిగి ఘుమఘుమలాడు చక్కెరకేళి అచ్చట చెడ్డది. పచ్చిదనము విడువక దూరము పోగలుగుటయే మంచితనమను ఈ నిర్వచనమును మనుష్యులకును అన్వయించితిమేని, మన ప్రజానాయకులలో పెక్కుమంది నిందలనుండి విముక్తులగుదురు.

అయినను వస్తువుల విషయమున ఈ మాట నిజాయితీగానే కూలి చేసినది. ఉప్పుగానిది మంచినీరు, నువ్వులది మంచినూనె, చందనము మంచిగంధము. సముద్రపు ఉప్పు బావులలోనికి తొంగిచూచు కోనసీమలో మంచినీరన్నది అలంకారము కాదు, ప్రాణావసరము. కాటన్ దొర ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన 1852లోనే బ్రౌన్ దొరగారి తెలుగు నిఘంటువును అచ్చయినది. ఒకరు నీటిని కాలువలకును, ఒకరు మాటలను పుటలకును మళ్లించిరి. కాలువలకు లాకులున్నవి. మాటలకే లేకపోయెను.

అందువలననే కాబోలు, మనిషి దగ్గరకు వచ్చుసరికి ఈ మాట గట్లు తెంచుకొన్నది. పెండ్లి సంబంధము విచారించుచు "కుర్రాడెలాంటోడండి?" అని అడిగినప్పుడు, "ఆయ్, శానా మంచోడండి" అను ప్రత్యుత్తరము వినబడెనా, పిల్ల తండ్రి జాతకమును మడిచి జేబులో పెట్టుకొనును, ఉద్యోగమో, నాలుగెకరముల కొబ్బరితోటయో ఉండినచో ముందుగా అదియే వినబడియుండునని ఆయన ఎరుగును. అర్జీ పట్టుకొని నేనొక కార్యాలయమునకు పోగా, అచ్చటి గుమాస్తా సాంతము విని "మంచిదండి" అనెను. లేచి పొమ్మనుటకు ఇంతకంటె మర్యాదయైన మాట ఏ భాషలోనైనను గలదా? మఱునాడు ఒక అనుభవజ్ఞుడు, "ముందు ఆయన్ని మంచి చేసుకోవాలండి" అని హితోపదేశము చేసెను. మంచి చేసికొనబడిన అధికారి మంచివాడగునని ఎవ్వరును భ్రమపడరు. రెండు గెలలు ఇల్లు మారునంతే.

ఆ ఉపదేశమును మననము చేసికొనుచు మార్కెట్టుకు పోయి, ఒక అత్తమును చూపి "ఇవి మంచివేనా?" అని అడిగితిని. వర్తకుడు నన్ను నఖశిఖపర్యంతము పరిశీలించి, మిక్కిలి వినయముతో,

"తవరు తినడానికాండి, ఎవరికైనా ఇయ్యడానికాండి?" అనెను.