తాగుబోతు కాలేయం

“ఎన్నేళ్ల నుంచి తాగుతున్నాడు?” మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే అడిగారు పెద్ద డాక్టరుగారు.

కాగితం చూశాను. “కొడల నుంచి వచ్చిన కేసు సార్. వయసు 14 నెలలు.”

1980ల చివర్లో, బరంపురంలో సంగతి. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. నన్నూ చూడమన్నారు. కాలేయ కణాలు ఉబ్బిపోయి ఉన్నాయి. వాటిలో గులాబీరంగు ముద్దలు, పట్టు నేసేవాళ్లింట్లో చిక్కుపడ్డ దారపుండల్లా. బోస్టన్ డాక్టరు మేలరీ 1911లో తాగుబోతుల కాలేయంలో చూసి రాసినవి ఇవే. పొట్ట ఉబ్బిన ఈ చంటివాడికి ఎక్కణ్ణించి వచ్చాయి?

ఆర్సీన్ రంగు వేయించారు. ముదురు గోధుమరంగు నలుసులు తేలాయి. రాగి!

మన దేశంలో ఎందరో పసివాళ్లని పొట్టన పెట్టుకున్న జబ్బిది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పాలు కాచి అందులోనే ఉంచితే, పాలలోని కేసీన్ రాగిని పట్టేస్తుంది. అది బిడ్డ కాలేయంలో పేరుకుంటుంది. 1983లో పుణె, ఇంగ్లండు డాక్టర్లు కలిసి దీని గురించి రాశారు. కానీ బెల్లగుంఠ ఇత్తడి చేపలకి పేరుపడ్డ జిల్లాలో ఇత్తడిని అనుమానించమంటే వినేదెవరు?

వాడి మామ్మ విన్నది. పాలు కాచే తపేలా తెమ్మంటే తెచ్చింది. చింతపండుతో తోమితోమి తళతళలాడించింది గానీ లోపల కళాయి జాడే లేదు. కోడలి పాలు వేడి చేస్తాయని మూడో నెలలోనే మాన్పించిందట!

“ఇందులో ఇక వీడికి పాలు కాచొద్దు మామ్మా.”

తపేలా మీద చెయ్యేసి ఒట్టు పెట్టింది.

కామెర్లు రాకముందే దొరకడం వాడి అదృష్టం. రాగిని ఒంట్లోంచి లాగేసే పెనిసిలమిన్ పనిచేసింది. ఏడాది తిరిగేసరికి వాడు వరండాలో పరుగులు.

“ఒట్టు నిలబెట్టుకున్నావా మామ్మా?”

“అయ్యో బాబూ, మర్నాడే ఇంట్లోంచి తీసేశాను. స్టీలు గిన్నె కొన్నాం.”

“పాత సామాన్లవాడికి వేసేశావా?”

“మా అమ్మ ఇచ్చిన తపేలా, పాత సామాన్లకెందుకు వేస్తాను బాబూ! మా చిన్నమ్మాయి అప్పుడే పురిటికొచ్చి ఉంది. పిల్లనెత్తుకుని అత్తారింటికెళ్తుంటే సారెలో పెట్టి పంపాను. దానికీ ఏడాది నిండింది. కాళ్లూ చేతులూ సన్నమే గానీ, బొజ్జ మాత్రం ఎంత ముద్దొస్తోందో!”